డాబా మీద నుంచి నైట్రోజన్ డయాక్సైడ్‌ను కొలవడం ఎలా?

చాలా కళాశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో టిఫిను డబ్బా అంత స్పెక్ట్రోమీటర్ ఒకటి ఉంటుంది. కాంతిని రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంత ఉందో కొలిచే పరికరం అది. ఏడాదికి రెండు మూడు ప్రయోగాలకు బయటికి తీసి మళ్లీ బీరువాలో పెట్టేస్తారు. దానికి ఒక ఆప్టికల్ ఫైబర్, ఒక లెన్సు, ఒక లాప్‌టాప్ తోడైతే మీ ఊరి గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ ఎంత ఉందో డాబా మీద నుంచే కొలవవచ్చు. గాలిని సీసాలో పట్టనక్కర్లేదు, రసాయనాలు అక్కర్లేదు. ఆకాశం నుంచి వచ్చే వెలుతురు చాలు. ఈ పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పొట్టి పేరు డోయాస్ (డిఫరెన్షియల్ ఆప్టికల్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోస్కోపీ).

నేను కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నేర్పుతున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజే ఒక మాట చెబుతాను: సంఖ్యను చూడకముందు అవశేషాన్ని చూడు. అవశేషం అంటే ఏమిటో దాని చోట చెబుతాను. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఆ అవశేషాన్ని చిన్నది చేయడానికి పడే పాట్లే.

ఎంత చిన్నదాని కోసం వెతుకుతున్నామో ముందు లెక్క వేసుకోండి

సూర్యకాంతిని స్పెక్ట్రోమీటర్‌లో పెడితే నున్నటి గీత రాదు. ఎగుడుదిగుడుగా, లోతైన పళ్ల రంపంలా కనిపిస్తుంది. ఆ గుంటల్లో అత్యధికం సూర్యుడి పైపొరల్లోనే ఏర్పడిన ఫ్రాన్‌హోఫర్ రేఖలు. మన గాలి చేసిన గుంటలు వాటి మధ్య దాగి ఉంటాయి. ఏవి సూర్యుడివి, ఏవి గాలివి అని తేల్చడానికి పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ చాలా కష్టపడ్డాడు. జెనీవా సరస్సు తీరాన కట్టెల మంట వేయించి, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి దాని వర్ణపటం చూశాడు. మంటలో లేని గీతలు దూరం నుంచి కనిపించాయంటే అవి మధ్యలో ఉన్న గాలివే అన్నమాట. అదే జాన్సెన్ 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మన గుంటూరు వచ్చి, అక్కడే స్పెక్ట్రోస్కోపు బిగించాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకుండా కూడా చూడవచ్చని మర్నాడే గుంటూరులో రుజువు చేశాడు. మనం చేయబోయే పనికి మన నేల మీద అంత పాత చరిత్ర ఉంది.

ఇక లెక్క. వాయువు ఎంత ఉందో చెప్పడానికి మనం వాడే కొలత స్తంభం. అంటే కాంతి నడిచిన దారి పొడవునా ఒక చదరపు సెంటీమీటరు అడ్డకోతలో ఎన్ని అణువులు ఉన్నాయో ఆ సంఖ్య. ఓ మోస్తరు కాలుష్యం ఉన్న దారిలో ఇది 10¹⁶ దాకా, అంటే 1 పక్కన 16 సున్నాల దాకా వస్తుంది. 440 నానోమీటర్ల దగ్గర ఒక్కో నైట్రోజన్ డయాక్సైడ్ అణువు శోషణ అడ్డకోత, అంటే అది కాంతికి అడ్డుపడే వైశాల్యం, సుమారు 5 × 10⁻¹⁹ చదరపు సెంటీమీటర్లు. రెండింటినీ గుణిస్తే 0.005. అంటే అన్ని అణువులూ కలిసి తగ్గించే వెలుతురు వందకు అర పాలు మాత్రమే. అందులోనూ మనకు పనికొచ్చేది మొత్తం తగ్గుదల కాదు, తరంగదైర్ఘ్యం మారుతున్నకొద్దీ అది పడే హెచ్చుతగ్గులు. అవి ఇంకా చిన్నవి.

డిటెక్టర్‌లో ఒక పిక్సెల్‌కు ఒక స్కాన్‌లో 40,000 ఎలక్ట్రాన్లు చేరాయనుకోండి. కాంతి స్వభావం వల్లనే అందులో 200 అటూ ఇటూ ఊగుతాయి. అదీ వందకు అర పాలే! మీరు వెతికేది ఎంతో, ఒక్క స్కాన్‌లోని ఊగిసలాట కూడా అంతే ఉంది. 400 స్కాన్లు తీసి సగటు కడితే ఆ ఊగిసలాట ఇరవయ్యో వంతుకు దిగుతుంది. ఒక్కో స్కాన్ పదో వంతు సెకను అయితే మొత్తం 40 సెకన్లు. ఈ పనికి కావలసింది ఖరీదైన పరికరం కంటే ఓపికగా కట్టిన సగటు అని నేను అనడానికి ఆధారం ఈ చిన్న లెక్కే.

మొదటి ప్రయత్నానికి నైట్రోజన్ డయాక్సైడ్‌నే ఎంచుకోండి. నీలం కాంతిలో శోషిస్తుంది కాబట్టి మామూలు గాజు లెన్సు చాలు, వెలుతురూ పుష్కలం. ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ అతినీలలోహితంలో దొరుకుతాయి. అక్కడ వెలుతురు తక్కువ, దారి తప్పిన కాంతి బెడద ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కావాలంటే ఈ పరికరం పనికిరాదు. సూర్యుడిని నేరుగా వెంబడించే అద్దాలు, పరారుణ కాంతిలో పనిచేసే ఫూరియే స్పెక్ట్రోమీటర్ కావాలి. 2004లో అమెరికాలోని పార్క్ ఫాల్స్‌లో మొదలైన టీకాన్ కేంద్రాల వలయం చేసే పని అది. మన షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా ఆ తరహా పరికరంతో కొలతలు తీసింది.

పరికరం

బీరువాలోని స్పెక్ట్రోమీటర్‌ను తీసి రెండు విషయాలు చూడండి. ఒకటి, 425 నుంచి 490 నానోమీటర్ల దాకా అది చూడగలగాలి. రెండు, ఒంటరి రేఖను ఎంత వెడల్పుగా చూపిస్తుంది. సగం ఎత్తు దగ్గర ఆ వెడల్పు 0.5 నుంచి 0.7 నానోమీటర్లు ఉంటే చాలా మంచిది. 1 నానోమీటరు దాటితే నైట్రోజన్ డయాక్సైడ్ గుర్తులు మసకబారుతూ వస్తాయి. ఆ వెడల్పులో కనీసం నాలుగు పిక్సెళ్లైనా పడాలి. రెండే పడితే రేఖ అసలు ఎక్కడ ఉందో సాఫ్ట్‌వేర్ సరిగ్గా చెప్పలేదు. 2048 పిక్సెళ్లతో 300 నుంచి 460 దాకా చూసే పరికరమైతే ఒక్కో పిక్సెల్ 0.08 నానోమీటర్లు. అప్పుడు 0.6 వెడల్పులో ఏడు పడతాయి. బ్రహ్మాండం, కానీ 460 దగ్గర ఆగిపోతుంది కాబట్టి విశ్లేషణ పరిధిని కుదించుకోవాలి.

ఫైబర్ చివర ఒక లెన్సు పెట్టి, నల్లరంగు పూసిన గొట్టంలో బిగిస్తే అదే మీ దుర్భిణి. ఎంత ఆకాశాన్ని చూస్తుందో లెక్క సులువు: ఫైబర్ వ్యాసాన్ని లెన్సు నాభ్యంతరంతో భాగించండి. 0.6 మిల్లీమీటర్ల ఫైబర్, 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం అయితే 0.012 రేడియన్లు, అంటే 0.7 డిగ్రీ. ఒక డిగ్రీ లోపే ఉంచండి. ఫైబర్ మాత్రం పొడవుగా, కొన్ని మీటర్లు ఉండనివ్వండి. ఆకాశపు వెలుతురు ధ్రువితమై, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతూ, వస్తుంది; స్పెక్ట్రోమీటర్‌లోని గ్రేటింగ్ ధ్రువణాన్ని బట్టి తన తీరు మార్చుకుంటుంది. పొడవాటి ఫైబర్‌లో పొర్లి వచ్చేసరికి ఆ ధ్రువణం చాలావరకు చెదిరిపోతుంది. పొడవుకు ఇంకో లాభం కూడా ఉంది. దుర్భిణి ఒక్కటే డాబా మీద ఉంటుంది, స్పెక్ట్రోమీటర్ కింద గదిలో చల్లగా ఉంటుంది.

ఈ చివరి మాటను నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి ఏడాది మొత్తం పరికరాన్ని రేకు పెట్టెలో పెట్టి డాబా మీద ఉంచాం. మే నెల మధ్యాహ్నం పెట్టె మూత తీసి చెయ్యి పెడితే లోపలి ఇనుప పలక చురుక్కుమంది. లోహం వేడికి సాగితే వర్ణపటం డిటెక్టర్ మీద జరుగుతుంది. ఫ్రాన్‌హోఫర్ గుంటల అంచులు నిటారుగా ఉంటాయి కాబట్టి నానోమీటరులో నూరో వంతు జరిగినా ఏర్పడే తేడా నైట్రోజన్ డయాక్సైడ్ గుర్తుకు సమానం అవుతుంది. జరుగుడును సాఫ్ట్‌వేర్ సరిదిద్దగలదు. వేడికి రేఖ ఆకారమే మారితే అది కూడా ఏమీ చేయలేదు. ఆ నెల కొలతలన్నీ పక్కన పెట్టేశాం. కాబట్టి స్పెక్ట్రోమీటర్‌ను థర్మోకోల్ పెట్టెలో ఉంచి, కరెంటుతో చల్లబరిచే చిన్న పెల్టియర్ పలకతో ఉష్ణోగ్రతను అర డిగ్రీ తేడాలోపు నిలపండి. గదిలో ఏసీ ఉంటే దాని గాలి నేరుగా పెట్టెకు తగలకుండా చూడండి.

డాబా మీద చోటు

ఉత్తరం వైపు వీలైనంత దూరం అడ్డు లేకుండా కనిపించే చోటు ఎంచుకోండి. ఉత్తరం ఎందుకంటే మన అక్షాంశాల్లో దాదాపు ఏడాదంతా సూర్యుడు ఆ దిక్కున, దిగంతానికి దగ్గరలో, కనిపించడు. సూర్యుడిని నేరుగా చూసే ఏ లెన్సు వెనకాలా మీ కన్ను పెట్టవద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నడినెత్తి వైపు చూసేటప్పుడు మాత్రం తెలుగువారికి ఒక చిక్కు ఉంది. యూరప్ వాళ్లు రాసిన సూచనల్లో ఇది కనిపించదు, ఎందుకంటే వాళ్లకు సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు తొలి వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నీడలేని రోజు అని పత్రికల్లో చదువుతుంటాం, అదే. ఆ రెండు తేదీల మధ్య కూడా మధ్యాహ్నం నడినెత్తికి ఆరు డిగ్రీల లోపే ఉంటాడు. సూర్యుడి బింబం నేరుగా లెన్సులో పడితే ఫైబర్ చివర కాలిపోవచ్చు. కాలకపోయినా ఆ కొలత పనికిరాదు. ఏప్రిల్ రెండో వారం నుంచి సెప్టెంబరు తొలి వారం దాకా, సూర్యుడు నడినెత్తికి పది డిగ్రీల లోపు ఉన్నంతసేపు, దుర్భిణికి మూత పడేలా ప్రోగ్రాంలో రాసుకోండి. గడియారంలో పన్నెండు చూసి మధ్యాహ్నం అనుకోవద్దు. హైదరాబాద్‌లో సూర్యుడు ఆకాశంలో అత్యధిక ఎత్తుకు చేరేది సగటున 12:15 ప్రాంతంలో.

కోణాల సున్నాను తేల్చడానికి మేస్త్రీలు వాడే నీటి గొట్టాన్ని మించినది లేదు. దుర్భిణి లెన్సు మధ్యభాగం ఎత్తును, ఇరవై మీటర్ల దూరంలో ఉన్న గోడ మీదికి నీటి గొట్టంతో తెచ్చి గీత గీయండి. చీకటి పడ్డాక ఆ గీత మీద చిన్న బల్బు పెట్టి, దుర్భిణిని కొద్దికొద్దిగా పైకీ కిందికీ తిప్పుతూ వెలుతురు ఎక్కడ అత్యధికమో చూడండి. అదే సున్నా డిగ్రీ. ఇరవై మీటర్ల దూరాన డిగ్రీలో పదో వంతు అంటే మూడున్నర సెంటీమీటర్లు. నీటి గొట్టంతో గీసిన గీత అంతకంటే ఎన్నో రెట్లు నమ్మకమైనది.

గొట్టం నోటికి సన్నటి క్వార్ట్జ్ గాజు పలక బిగించండి. ఒకసారి మేము బిగించలేదు. నాలుగు రోజుల సెలవుల తరవాత చూస్తే మధ్యాహ్నం ఒక్కో స్కాన్‌కు 80 మిల్లీసెకన్లు చాలే చోట పరికరం 400 తీసుకుంటోంది. ఎండ మామూలుగానే ఉంది. డాబా ఎక్కి చూస్తే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. లాగ్‌పుస్తకంలో ప్రతి రోజూ మధ్యాహ్నపు ఎక్స్‌పోజర్ సమయం రాసే అలవాటు లేకపోయి ఉంటే మబ్బులేమో అనుకుని ఇంకో వారం పోగొట్టుకునేవాళ్లం.

వెలుతురుకు ముందు చీకటి

లెన్సుకు మూత పెట్టి రెండు రకాల వర్ణపటాలు తీయండి. అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో వెయ్యి స్కాన్లు: ఇది ఎలక్ట్రానిక్స్ ప్రతి స్కాన్‌కూ కలిపే అంకె. ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒక్కటి: ఇది వేడి వల్ల డిటెక్టర్‌లో దానంతట అదే పుట్టే విద్యుత్తు. మొదటిది స్కాన్ల సంఖ్యను బట్టి పెరుగుతుంది, రెండోది సమయాన్ని బట్టి. ప్రతి కొలత నుంచి రెండింటినీ విడివిడిగా తీసివేయాలి. సాయంత్రం వెలుతురు తగ్గే వేళ ఇది సరిగ్గా లేకపోతే అన్ని గుంటలూ అసలు కంటే తక్కువ లోతుగా కనిపించి, లేని వాయువులు ఉన్నట్టు తేలతాయి. ప్రతి రాత్రీ ఈ రెండూ తీసేలా ప్రోగ్రాం రాసిపెట్టండి.

తరవాత పాదరసం. పాదరసపు రేఖలు 404.66, 435.83 నానోమీటర్ల దగ్గర కచ్చితంగా ఉంటాయి. ప్రయోగశాల పాదరస దీపం ఉంటే సరే, లేకపోతే పాత సీఎఫ్ఎల్ బల్బు కూడా ఇదే పాదరసంతో పనిచేస్తుంది. బల్బు లోపలి పూత ఇచ్చే వెలుతురు కలిసినా 435.83 రేఖ నిటారుగా లేచి కనిపిస్తుంది. ఆ రేఖ మీ స్పెక్ట్రోమీటర్‌లో ఏ ఆకారంలో వచ్చిందో అదే దాని స్వభావం: అంతులేనంత సన్నటి రేఖను మీ పరికరం అలా చూపిస్తుందన్నమాట. వాయువుల ప్రామాణిక శోషణ వర్ణపటాలన్నింటినీ ఈ ఆకారంతో మసకబార్చాకే పోల్చాలి. రేఖ పైభాగం నిండిపోయి చదునుగా రాకుండా, డిటెక్టర్ సామర్థ్యంలో మూడింట రెండు వంతుల దగ్గర ఆపండి. దీపం వెలుతురు లెన్సు మొత్తం నిండేలా ట్రేసింగ్ కాగితం అడ్డు పెట్టండి. దీపాన్ని నేరుగా పెడితే వచ్చే ఆకారం ఆకాశానికి వర్తించదు.

కంప్యూటర్ గడియారాన్ని ప్రపంచ ప్రామాణిక సమయానికి పెట్టండి. మన సమయానికీ దానికీ ఐదున్నర గంటల తేడా, ఆ అరగంట దగ్గరే చాలామంది పొరబడతారు. సూర్యుడు నిమిషానికి పావు డిగ్రీ కదులుతాడు. సంధ్యవేళ ఆ పావు డిగ్రీకే మీ గ్రాఫు గుర్తుపట్టలేనంతగా మారుతుంది.

మొదటి సాయంత్రం: నడినెత్తి ఒక్కటే

కోణాలు తిప్పే మోటారు జోలికి వెంటనే పోవద్దు. దుర్భిణిని నిలువుగా నిలబెట్టి, మబ్బు లేని ఒక రోజు ఉదయం నుంచి చీకటి పడే దాకా నిమిషానికో వర్ణపటం తీయండి. 1975లో నాక్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చూపిన దారి ఇది. సూర్యుడు దిగంతానికి చేరేసరికి, నడినెత్తి నుంచి మీకు వచ్చే వెలుతురు అంతకుముందే వాతావరణపు పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్‌లో ఎంతో దూరం అడ్డంగా ప్రయాణించి ఉంటుంది. అందుకే అక్కడి నైట్రోజన్ డయాక్సైడ్ గుర్తు మధ్యాహ్నం కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. రోజంతా గీసిన గ్రాఫు రెండు కొసలా పైకి లేచిన తొట్టిలా రావాలి. వస్తే మీ పరికరం పనిచేస్తోంది.

ఇంకాస్త దగ్గరగా చూడండి. సూర్యుడు అంతే కోణంలో ఉన్నప్పుడు పొద్దున కంటే సాయంత్రం విలువ ఎక్కువగా ఉంటుంది. రాత్రంతా స్ట్రాటోస్ఫియర్‌లోని నైట్రోజన్ డయాక్సైడ్ కొంత డైనైట్రోజన్ పెంటాక్సైడ్‌గా మారి దాక్కుంటుంది, పగలు ఎండకు అది విడిపోయి మళ్లీ బయటికి వస్తుంది. మీరు డాబా మీద కూర్చుని టీ తాగుతుండగా ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తున జరిగిన రసాయన చర్య మీ లాప్‌టాప్ తెర మీద కనిపిస్తోంది. నేను ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. నగరం నడిబొడ్డున సాయంత్రపు ట్రాఫిక్ ఈ తేడాను చెరిపేయవచ్చు కాబట్టి, వీలైతే ఈ మొదటి కొలత ఊరికి దూరంగా చేయండి.

కోణాలు మార్చి కొలవడం

ఇప్పుడు మోటారు బిగించండి. వరుసగా 1, 2, 3, 5, 10, 15, 30 డిగ్రీలు, చివర 90. ఒక్కోదానికి నిమిషం. ఒక చుట్టు పది నిమిషాల్లోపు అవుతుంది, రోజంతా తిప్పుతూ ఉండండి. దిగంతానికి దగ్గరగా చూస్తే నేలకు ఆనుకుని ఉన్న గాలిలో కాంతి ఎక్కువ దూరం నడుస్తుంది, నడినెత్తికి చూస్తే తక్కువ. పైన స్ట్రాటోస్ఫియర్‌లో నడిచే దూరం మాత్రం రెండింటికీ ఒకటే. అందుకని ఆ చుట్టులోని 90 డిగ్రీల వర్ణపటాన్నే ఆధారంగా పెట్టుకుంటే పైపొర కొట్టుకుపోయి, మనం పీల్చే పొర మిగులుతుంది.

విశ్లేషణ

బెల్జియం అంతరిక్ష వాయుశాస్త్ర సంస్థ ఉచితంగా ఇచ్చే క్యూడోయాస్ సాఫ్ట్‌వేర్ దించుకోండి. సెట్టింగులు సొంతంగా కనిపెట్టే ప్రయత్నం చేయవద్దు. 2016 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని కాబౌలో ముప్పై ఆరు పరికరాలను పక్కపక్కన పెట్టి ఒకే ఆకాశాన్ని కొలిచారు. అక్కడ అందరూ ఒప్పుకున్న పద్ధతితో మొదలుపెట్టండి: పరిధి 425 నుంచి 490 నానోమీటర్లు, అయిదో ఘాతపు బహుపది, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, నీటి ఆవిరి, ఆక్సిజన్ అణువుల జంట, వీటికి తోడు రింగ్ వర్ణపటం.

బహుపది ఎందుకంటే, గాలి అణువులూ దుమ్మూ వెలుతురును నున్నగా, నెమ్మదిగా మారే తీరులో తగ్గిస్తాయి. ఆ నున్నటి భాగాన్నంతా బహుపది తనలో కలుపుకుంటే, వాయువుల సన్నటి గుర్తులు మాత్రమే మిగులుతాయి. రింగ్ సంగతి కొంచెం వింత. నేరుగా వచ్చే సూర్యకాంతిలో కంటే ఆకాశపు వెలుతురులో ఫ్రాన్‌హోఫర్ గుంటలు కాస్త పూడినట్టు ఉంటాయని 1962లో గ్రెయింజర్, రింగ్ గమనించారు. గాలి అణువులు కాంతిని చెదరగొట్టేటప్పుడు కొంత భాగపు తరంగదైర్ఘ్యాన్ని కొద్దిగా మారుస్తాయి, అది పక్కనున్న గుంటలో పడుతుంది. ఈ పూడిక నైట్రోజన్ డయాక్సైడ్ గుర్తు కంటే పెద్దది కాగలదు. దాన్ని కూడా ఒక వాయువులా లెక్కలో చేర్చకపోతే ఏదీ సరిపడదు.

ఆక్సిజన్ జంటను మీరు కోరుకోకపోయినా అది మీకు పెద్ద సాయం. ఆక్సిజన్ గాలిలో ఎంత ఉందో మనకు ముందే తెలుసు. కాబట్టి 477 నానోమీటర్ల దగ్గర దాని గుర్తు ఎంత లోతుగా ఉందో చూస్తే కాంతి ఎంత దూరం నడిచి వచ్చిందో తెలుస్తుంది. వానాకాలం ఉరుముల మబ్బు పైకి వచ్చినప్పుడు చూడండి. మబ్బు లోపల కాంతి అటూ ఇటూ తిరిగి తిరిగి రావడంతో ఆక్సిజన్ జంట ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతోపాటే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా పెరిగినట్టు కనిపిస్తే, గాలి చెడిపోయిందని తొందరపడవద్దు. ముందు పెరిగింది దారి.

అవశేషం

అన్ని వాయువులనూ, బహుపదినీ, రింగ్‌నూ తీసివేశాక వర్ణపటంలో ఇంకా మిగిలి ఉన్నదే అవశేషం. దాని సగటు పరిమాణం 0.0005 లోపు ఉంటే మంచి కొలత. కానీ పరిమాణం ఒక్కటే చూసి వదలకండి, ఆకారం చూడండి. గడ్డి పరకల్లా క్రమం లేకుండా ఉంటే అది కేవలం కాంతి ఊగిసలాట. ఇంకాసేపు సగటు కడితే తగ్గుతుంది. ప్రతి వర్ణపటంలోనూ అదే చోట అదే మొన లేస్తుంటే మీ పాదరసపు ఆకారంలోనో, తరంగదైర్ఘ్యాల అమరికలోనో తప్పుంది. అలల్లా మెల్లగా ఊగుతుంటే ధ్రువణం లేదా ఏదో గాజు పలకలో అటూ ఇటూ పరావర్తనం. 442 నానోమీటర్ల చుట్టుపక్కల కుచ్చులా తేలితే నీటి ఆవిరి సరిగ్గా లెక్కకు రాలేదు. మన కోస్తా జిల్లాల జులై గాలిలో ఇది తరచుగా చూస్తాం.

నేను విద్యార్థుల చేత రోజుకు పది అవశేషాలు కాగితం మీద ముద్రించి గోడకు అంటింపజేస్తాను. వారం తిరిగేసరికి, ఏది పరికరం మాట, ఏది గాలి మాట అని వాళ్ల కళ్లే చెప్పడం మొదలుపెడతాయి. అవశేషంలో ఆకారం ఉన్నంతవరకూ నైట్రోజన్ డయాక్సైడ్ సంఖ్యను ఎవరికీ చెప్పనివ్వను. ఆ సంఖ్య ఎంత అందంగా ఉన్నా సరే, ఆ మొనలో కొంత భాగం నిశ్శబ్దంగా దానిలో కలిసిపోయి ఉండవచ్చు.

పీల్చే గాలిలో ఎంత?

ఇప్పటిదాకా వచ్చినవి ఏటవాలు స్తంభాలు. నిలువు స్తంభం కావాలంటే 30 డిగ్రీల విలువతో ఒక సులువైన దారి ఉంది. 30 డిగ్రీల వాలులో కింది పొరను దాటే దారి, నిలువు దారికి సరిగ్గా రెండింతలు. నడినెత్తి దారి ఒకటి. రెండులోంచి ఒకటి తీస్తే ఒకటి. కాబట్టి నడినెత్తిని ఆధారంగా పెట్టి తీసిన 30 డిగ్రీల విలువే నేరుగా కింది పొర నిలువు స్తంభం. దుమ్ము బాగా ఉన్న రోజున ఇది అంత నిజం కాదు. 15 డిగ్రీలతోనూ లెక్కించి చూడండి. అక్కడ దారి తేడా 2.9. రెండు సమాధానాలూ దగ్గరగా ఉంటే ఆ రోజు ఈ లెక్కను నమ్మవచ్చు.

ఉదాహరణకు నిలువు స్తంభం 9 × 10¹⁵ వచ్చిందనుకోండి. వేసవి మధ్యాహ్నం గాలి బాగా కలిసి, పొగ ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు దాకా సమానంగా పరుచుకుందనుకుందాం. అప్పుడు ఘనపు సెంటీమీటరుకు 6 × 10¹⁰ అణువులు. బరువుగా మారిస్తే ఘనపు మీటరుకు సుమారు 4.6 మైక్రోగ్రాములు. అదే స్తంభం జనవరి ఉదయం, భోగి మంటల వేళ అనుకోండి. పొగ లేవకుండా పొలాల మీద, వీధుల మీద చాపలా పరుచుకునే చలి పొద్దు. పొర ఎత్తు 300 మీటర్లే అయితే, అవే అణువులు ఘనపు మీటరుకు 23 మైక్రోగ్రాములు. ఆకాశంలో మొత్తం మారలేదు, ముక్కు దగ్గర అయిదు రెట్లయింది. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి 80. స్తంభాన్ని నేరుగా ఆ పరిమితితో పోల్చి రాసే వార్తలు కనిపిస్తుంటాయి. పొర ఎత్తు చెప్పకుండా ఆ పోలికకు అర్థం లేదు. తక్కువ కోణాల కొలతలు తీసేది ఇందుకే. 1, 2, 3 డిగ్రీల విలువలు 30 డిగ్రీల విలువ కంటే బాగా ఎక్కువగా ఉంటే వాయువు నేలకు ఆనుకుని ఉంది, అన్నీ దగ్గరదగ్గరగా ఉంటే పైదాకా పరుచుకుని ఉంది.

పోల్చుకోవడానికి ఉపగ్రహం ఉంది. 2017 అక్టోబరులో ఎగిరిన సెంటినెల్-5పీ మీది ట్రోపోమీ పరికరం రోజూ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తుంది. దాని కొలతలు ఉచితం. ఒక చుక్క కొన్ని కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి ఒక్క రోజుతో తేల్చవద్దు. మబ్బు లేని రోజులను ఏరి, ఒంటి గంట నుంచి రెండింటి దాకా మీ సగటును పక్కన పెట్టండి. దేశంలో మొహాలీలోనూ ఇలాంటి పరికరంతో ఏళ్ల తరబడి కొలిచి ఉపగ్రహంతో పోల్చారు.

దాచుకోవడం

చివరగా, ఫలితాల పట్టిక ఒక్కటే ఉంచుకుని ముడి వర్ణపటాలను చెరిపేయవద్దు. ఒక రోజు ఫైళ్లన్నీ కలిపినా కొన్ని ఫోటోలంత స్థలం కూడా పట్టవు. ప్రతి ఫైలులో ప్రామాణిక సమయం, ఎక్స్‌పోజర్, స్కాన్ల సంఖ్య, దుర్భిణి కోణం, పెట్టె ఉష్ణోగ్రత ఉండాలి. ఆ రాత్రి తీసిన చీకటి వర్ణపటాలు, ఆ నెల తీసిన పాదరసపు రేఖ అదే ఫోల్డరులో ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ శిఖరం మీద 1950, 1951లలో బెల్జియం శాస్త్రజ్ఞులు తీసిన సూర్య వర్ణపటాలను దశాబ్దాల తరవాత మళ్లీ తెరిచి, ఆనాటి గాలిలో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉండేదో లెక్క తేల్చారు. తీసినవాళ్లు అప్పుడు దానికోసం తీయలేదు. ఏ రోజు, ఏ వేళ, సూర్యుడు ఎంత ఎత్తున ఉండగా తీశారో పక్కన రాసిపెట్టారు కాబట్టి అది వీలైంది.